వెలిగి ఆరే ఇంజిన్ లైటు: సైబరాబాద్ పాత కార్ల మీద ఒక సమీక్ష

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఏపీ 28, ఏపీ 29 నంబరు ప్లేట్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడకముందు రంగారెడ్డి జిల్లాలో రిజిస్టరైన బండ్లివి. అన్నీ పదేళ్లు దాటినవే. ఇంజిన్ గట్టిగానే ఉంటుంది, ఏసీ చల్లగానే వస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో ఉండే పసుపురంగు లైటు మాత్రం ఒక సోమవారం వెలుగుతుంది, నాలుగు రోజులకు ఆరిపోతుంది, నెల తిరిగేసరికి మళ్లీ వస్తుంది. షెడ్డుకు తీసుకెళ్లిన రోజున వెలగదు. ఎప్పుడూ వెలిగే లైటుకు కారణం పట్టుకోవడం మంచి మెకానిక్‌కు పెద్ద పని కాదు. వచ్చిపోయే లైటు దగ్గరే ఓనరు డబ్బూ, మెకానిక్ పేరూ రెండూ పోతుంటాయి.

ఈ సమస్య గురించి లోకంలో తెలిసింది తక్కువేమీ కాదు. లైటు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో చట్టాల్లో రాసి ఉంది. ఏ సెన్సర్ ఎలా చెడుతుందో సర్వీస్ మాన్యువళ్లలో ఉంది. ఆ తెలిసినదాన్నంతా మన ఊరి ఎండకు, వానకు, ట్రాఫిక్‌కు, పెట్రోలుకు సరిపోల్చి చూసిన పని మాత్రం తక్కువ. అలా చూస్తే నాకు తేలింది ఒకటే. ఏ లోపపు కోడ్ వచ్చిందన్నదానికంటే ఏ పరిస్థితిలో వచ్చిందన్నది ముఖ్యం. ఆ పరిస్థితి కారు కంప్యూటర్‌లో నమోదై ఉంటుంది. మన షెడ్లలో జరిగే మొదటి పనేమో దాన్ని చెరిపేయడం.

లైటు ఎందుకు ఆరుతుంది

ఈ లైటు పెట్టించింది కారు బాగు కోసం కాదు, గాలి బాగు కోసం. లాస్ ఏంజెలెస్ పొగతో విసిగిన కాలిఫోర్నియా, 1988 మోడల్ కార్ల నుంచి ఇంజిన్ తన లోపాన్ని తానే కనిపెట్టి చెప్పాలని నియమం పెట్టింది. ఈ స్వీయ పరీక్ష పద్ధతి పేరు ఓబీడీ. 1996 మోడళ్ల నుంచి అమెరికా మొత్తానికి దాని రెండో రూపం, ఓబీడీ-2, తప్పనిసరి అయింది. యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001లో వచ్చింది. మన దగ్గర 2010 ఏప్రిల్ 1న 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 ఉద్గార ప్రమాణం, దానితో ఓబీడీ, మొదలైనప్పుడు ఆ జాబితాలో హైదరాబాద్ ఉంది. దేశం మొత్తానికి ఆ ప్రమాణం 2017 దాకా రాలేదు. ఉద్గారాలు పెరిగే లోపాలకే ఈ లైటు వెలుగుతుంది. గేరుబాక్సు అరుస్తున్నా, సస్పెన్షన్ ఊగుతున్నా దానికి పట్టదు.

లోపం ఒకసారి కనిపించగానే కంప్యూటర్ సాధారణంగా లైటు వెలిగించదు. దాన్ని అనుమానంగా రాసుకుంటుంది. స్కానర్‌లో పెండింగ్ కోడ్ అని కనిపించేది అదే. తర్వాతి ప్రయాణంలోనూ అదే లోపం కనిపిస్తే అప్పుడు వెలిగిస్తుంది. మనం అనుసరించిన యూరప్ పద్ధతిలో కంపెనీకి ఇంకొంచెం వెసులుబాటు ఉంది. సగటున పది ప్రయాణాలు దాటకుండా వెలిగిస్తే చాలు. వెలిగిన తర్వాత వరసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష జరిగి లోపం కనిపించకపోతే ఆర్పేస్తుంది. కానీ కోడ్‌ను వెంటనే చెరిపేయదు. ఇంజిన్ నలభై సార్లు చల్లారి వేడెక్కే దాకా అది జ్ఞాపకంలోనే ఉంటుంది. వేడెక్కడమంటే కూలెంట్ కనీసం 22 డిగ్రీలు పెరిగి 70 డిగ్రీల సెల్సియస్ దాటడం.

వారానికి మూడు రోజులు ఆఫీసుకెళ్లే ఉద్యోగి కారు తీసుకుందాం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేడెక్కితే వారానికి ఆరు. నలభై పూర్తవడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. లైటు ఆరిన నెల తర్వాత కూడా కోడ్ దొరుకుతుందన్నమాట. "లైట్ పోయింది కదా సార్, ఇంకెందుకు స్కానింగ్" అనే మాట నగరంలో ఎక్కడైనా వినిపిస్తుంది. ఆ మాట విని ఇంటికొచ్చేసిన ఓనరు దొరికే సాక్ష్యాన్ని వదులుకుని వచ్చినట్టే.

ఇంకో సంగతి ఉంది. కంప్యూటర్ అన్ని పరీక్షలనూ అన్నివేళలా చేయదు. సిలిండర్‌లో ఇంధనం సరిగా మండకపోవడాన్ని, అంటే మిస్‌ఫైర్‌ను, దాదాపు నిరంతరం చూస్తుంది. సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ పరీక్షకు మాత్రం ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, కొంతసేపు నిలకడైన వేగంతో సాగాలి. మైండ్‌స్పేస్ నుంచి గచ్చిబౌలి దాకా ఆఫీసు వేళల్లో పాకే కారుకు ఆ అవకాశం రాదు. సంక్రాంతికి విజయవాడ హైవే ఎక్కినప్పుడు వస్తుంది. అందుకే పండక్కి ఊరెళ్లిన పాత కార్లలో లైటు వెలగడం, దారిలో బంకులో పోయించిన పెట్రోలు మీదకు నింద వెళ్లడం జరుగుతుంటుంది. నిజానికి ఆ పరీక్ష జరగడానికి నెలల తర్వాత దొరికిన మొదటి అవకాశం ఆ ప్రయాణం. లోపం ఎప్పటి నుంచో ఉండి ఉంటుంది. తిరిగొచ్చాక నగరంలో పరీక్ష మళ్లీ జరగదు కాబట్టి లైటు ఆరడానికీ వారాలు పట్టొచ్చు. అది వెలగడం, ఆరడం చాలావరకు మన ప్రయాణాల క్యాలెండర్‌ను బట్టే.

ఏ సంవత్సరం బండి అన్నది మొదట చూడాలి

మన దేశంలో ఓబీడీ రెండు విడతల్లో వచ్చింది. 2010 ఏప్రిల్ నుంచి మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ. మొదటి దశలో ప్రధానంగా ఉద్గారాలకు సంబంధించిన భాగాల వైరింగు తెగిందా, షార్ట్ అయిందా అని చూస్తే చాలు. కన్వర్టర్ పనితీరు, మిస్‌ఫైర్, ఆక్సిజన్ సెన్సర్ ముసలితనం వంటివి కొలవాలన్న షరతు రెండో దశది. కాబట్టి 2011 నాటి హ్యాచ్‌బ్యాక్‌లో లైటు వెలిగి ఆరితే ముందు చూడాల్సింది వైర్లు, కనెక్టర్లు. 2014 నాటి కారులో అదే లైటుకు కారణాల పరిధి చాలా పెద్దది. కంపెనీలు కొన్ని అంతర్జాతీయ మోడళ్లలో చట్టం అడిగినదానికంటే ఎక్కువే పెట్టాయి కాబట్టి ఇది గీత గీసినట్టు ఉండదు. అయినా మొదలుపెట్టడానికి మంచి చోటు.

ఇది పట్టించుకోకపోవడం వల్ల జరిగే నష్టానికి పెట్రోలు ట్యాంకు మూత మంచి ఉదాహరణ. అమెరికన్ వీడియోల్లో ఎవరైనా మొదట చెప్పేది మూత బిగించమని. అక్కడ ట్యాంకులోంచి ఆవిరి లీకవుతోందా అని కారు స్వయంగా కొలవాలి. మూత వదులైనా లైటు వెలుగుతుంది. యూరప్ దారిలో నడిచిన మన పాత కార్లను చట్టం ఆ పరీక్ష అడగలేదు. ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే వాల్వు వైరింగు బాగుంటే చాలంది. మూత బిగించి లైటు ఆరేదాకా వారం రోజులు ఎదురుచూసే సైబరాబాద్ ఓనరుకు ఆ వారం వృథా.

కంప్యూటర్ రాసుకున్న పంచనామా

లోపం నమోదైన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కంప్యూటర్ ఒక చిత్రంలా దాచుకుంటుంది. దాని పేరు ఫ్రీజ్ ఫ్రేమ్. ఇంజిన్ వేగం, బండి వేగం, కూలెంట్ వేడి, ఇంజిన్ మీద భారం, ఇంధన సర్దుబాటు (ఫ్యూయల్ ట్రిమ్) అంకెలు అందులో ఉంటాయి. సంఘటన జరిగిన చోట పోలీసులు రాసుకునే పంచనామా లాంటిదది. వచ్చిపోయే లోపానికి ఇంతకన్నా విలువైన ఆధారం లేదు. కోడ్ ఎరేస్ చేస్తే ఇదీ పోతుంది. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పెట్టే పాత పద్ధతిలోనూ చాలా బండ్లలో పోతుంది. దానితోపాటు కారు నెలల తరబడి నేర్చుకున్న ఇంధనపు లెక్కలూ పోతాయి.

ఒకే కోడ్ మూడు రకాలుగా ఎలా మాట్లాడుతుందో చూడండి. పీ0171 అంటే మిశ్రమం లీన్‌గా ఉంది, అంటే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో బండి వేగం సున్నా, ఇంజిన్ 750 ఆర్‌పీఎం, కూలెంట్ 98 డిగ్రీలు ఉందనుకుందాం. ఇది సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న వేడి ఇంజిన్. ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి లోపలికి పోతోందని మొదటి అనుమానం. బండి 100 కిలోమీటర్ల వేగంలో, భారం 80 శాతం దాటి ఉందనుకుందాం. ఇది ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద జరిగిన విషయం. ఇంధన పంపు నీరసించిందా, ఫిల్టర్ మూసుకుందా, గాలిని కొలిచే సెన్సర్ మురికి పట్టిందా అని చూడాలి. కూలెంట్ 35 డిగ్రీలు, అప్పుడే స్టార్టయిన ఇంజిన్ అయితే దారి వేరే. చల్లగా ఉన్నప్పుడు కుంచించుకుని, వేడెక్కాక సరిపోయే రబ్బరు సీళ్లు, గ్యాస్కెట్ల వైపు చూడాలి. కోడ్ మాత్రమే చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేసే పద్ధతిలో ఈ మూడూ ఒకటైపోతాయి. పైగా ఆ కోడ్ చెబుతున్నది సెన్సర్ పాడైందని కాదు. సెన్సర్ తన పని చేస్తున్నదని.

ఫ్రీజ్ ఫ్రేమ్‌కు హద్దులున్నాయి. సాధారణంగా ఒక్క లోపానికే చోటుంటుంది. మిస్‌ఫైర్, ఇంధన లోపాలకు ప్రాధాన్యం ఉండి పాతదాన్ని చెరిపి కూర్చుంటాయి. బయట వాన పడుతోందా, అప్పుడే స్పీడ్ బ్రేకర్ దాటామా అన్నది అందులో ఉండదు. అది ఓనరు రాసుకోవాలి. తేదీ, వేళ, ఎండా వానా, ఎంతసేపు నడిచాక వెలిగింది, ఏసీ ఉందా, ఆ వారంలో పెట్రోలు పోయించారా, బండి కడిగించారా. ఫోనులో నాలుగు ముక్కలు చాలు. మెకానిక్ చేతికి ఇవ్వగలిగిన సాయాల్లో ఇది అన్నిటికంటే చౌక.

ఫ్యూయల్ ట్రిమ్, ఈ20 వాదన

ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ ఎప్పటికప్పుడు ఇంధనాన్ని కాస్త పెంచుతుంది, కాస్త తగ్గిస్తుంది. ఆ సర్దుబాటు శాతమే ఫ్యూయల్ ట్రిమ్. క్షణక్షణం మారేది ఒకటి, కాలక్రమంలో అలవాటుగా స్థిరపడేది ఒకటి. రెండూ కలిపి పది శాతం లోపు ఉంటే మామూలే. చాలా కార్లలో దాదాపు 25 శాతం దగ్గరికొస్తే కంప్యూటర్ చేతులెత్తేసి లైటు వెలిగిస్తుంది. లైటు వెలగని రోజున కూడా ఈ అంకె కనిపిస్తుంది కాబట్టి వచ్చిపోయే లోపాలను వెతకడంలో దీనికి సాటి లేదు. ఐడిల్‌లో ప్లస్ 18 ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర ప్లస్ 4కు దిగితే వాక్యూమ్ లీకు. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు దొంగగాలి వాటా ఎక్కువ, తెరిచాక తక్కువ. దీనికి తలకిందులుగా, భారం పెరిగేకొద్దీ అంకె పెరిగితే ఇంధనం అందడం లేదని. రెండు నిమిషాల పరీక్ష ఇది, ఏ భాగమూ విప్పక్కర్లేదు.

ఇక్కడే ఈ20 వాదన వస్తుంది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి మామూలు పెట్రోలే అయిపోయింది. పాత కారులో ఏ లైటు వెలిగినా ఈ20 పుణ్యమేనని ఒక పక్షం, దానికీ దీనికీ సంబంధమే లేదని ఇంకో పక్షం. లెక్క వేస్తే రెండూ నిలవవు. పూర్తిగా మండడానికి పెట్రోలుకు తన బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి. ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. పది శాతం మిశ్రమానికి సుమారు 14.1, ఇరవై శాతానికి సుమారు 13.5. అంటే పది శాతం పెట్రోలుకు అలవాటైన కారు ఈ20 మీద నాలుగైదు శాతం ఎక్కువ ఇంధనం చిమ్మాలి. అసలు ఇథనాల్ లేని పెట్రోలును దృష్టిలో పెట్టుకుని ట్యూన్ చేసిన కారైతే ఎనిమిది, తొమ్మిది శాతం. 25 శాతం హద్దును ఇదొక్కటే దాటించలేదు. కానీ పదేళ్ల కారులో అప్పటికే రబ్బరు గొట్టం కాస్త పగిలి పది శాతం, పంపు నీరసించి ఐదు శాతం పోయి ఉంటే, మిగిలిన జాగాను ఈ20 తినేస్తుంది. అప్పుడు లైటు ఒక వారం వెలుగుతుంది, ఒక వారం ఆరుతుంది, ఎందుకంటే అంకె సరిగ్గా గట్టు మీద ఊగుతుంటుంది. ఇలాంటి కారుకు మందు వేరే పెట్రోలు వెతకడం కాదు, గొట్టం మార్చడం. ఇథనాల్ పాత రబ్బరుకూ, సీళ్లకూ మంచిది కాదన్న ఆందోళన మాత్రం న్యాయమైనదే. ఈ20కి తట్టుకునే భాగాలతో కార్లు విస్తృతంగా రావడం 2023 నుంచే మొదలైంది. అంతకుముందరి బండ్ల యజమానులు ఇంధన గొట్టాలను ఏటా ఒకసారి చూపించుకోవడం అవసరం.

ఎండ, వాన, ఎలుక, ఎర్త్

ఈ ఊళ్లో లోపాలకు రుతువులున్నాయి. మే నెలలో నలభై దాటిన ఎండలో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఏసీతో అరగంట పాకిన బండిలో బానెట్ కింద గాలి ఆడదు. ఇగ్నిషన్ కాయిల్ లోపలి తీగల పూత ఆ వేడికి బలహీనపడితే, 20 వేల వోల్టులకు పైగా ఉండే విద్యుత్తు ప్లగ్గు దాకా రాకుండా పక్కదారి పడుతుంది. ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది, పీ0301 నుంచి పీ0304 దాకా ఏ సిలిండరో చెప్పే కోడ్ వస్తుంది. చల్లారాక అదే కాయిల్ బుద్ధిగా పనిచేస్తుంది. ఇక్కడ మంచి పరీక్ష ఖర్చు లేనిది: అనుమానమున్న కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి పెట్టడం. కోడ్ కూడా కాయిల్‌తోపాటు మారితే దోషి దొరికినట్టే.

క్రాంక్ సెన్సర్ ఇంకా ఇబ్బంది పెడుతుంది. వేడికి అది మూగబోతే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది, అరగంటకు మళ్లీ స్టార్టవుతుంది, కొన్నిసార్లు కోడ్ కూడా మిగలదు. ఆగిన ఆ నిమిషంలో స్కానర్ పెట్టి సెల్ఫ్ కొట్టి చూడాలి. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా చూపిస్తే ఆ సెన్సర్ గానీ దాని వైరు గానీ. షెడ్డులో అయితే హెయిర్ డ్రయర్‌తో సెన్సర్‌ను వేడిచేసి ఆ స్థితిని తెప్పించవచ్చు.

జూన్ వచ్చాక కథ మారుతుంది. ప్లగ్గు గుంతల్లో నీళ్లు నిలుస్తాయి, కాయిల్ బూటు చీలితే తేమ దారి చూపిస్తుంది. రాత్రి చీకట్లో బానెట్ తెరిచి, ఇంజిన్ నడుస్తుండగా స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు చల్లితే లీకున్న చోట నీలి మెరుపు కనిపిస్తుంది. చేతులు దూరంగా పెట్టి, తెలిసినవారే చేయాల్సిన పని. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు నగరంలో ఎన్నో సెల్లార్లు నిండాయి. అప్పుడు మునిగి, ఎండబెట్టి, చేతులు మారిన కార్లలో కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఆ చిలుము ఒకరోజు కరెంటు పోనిస్తుంది, ఒకరోజు పోనివ్వదు.

సెల్లార్‌లో నాలుగు రోజులు కదలకుండా ఉండే కారుకు ఎలుకల బెడద తప్పదు. ఇంజెక్టర్, సెన్సర్ వైర్ల పైతొడుగు కొరికి రాగి తీగను సగం తెంపి వదిలేస్తాయి. పూర్తిగా తెగితే దొరకడం తేలిక. సగం తెగినది కుదుపుకు కలుస్తుంది, కుదుపుకు విడిపోతుంది. దీన్ని పట్టే దారి ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, స్కానర్ అంకెలు చూస్తూ, వైర్ల కట్టను జానెడు జానెడుగా కదిపి చూడడం. ఓపిక తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు కోడ్లు ఒకేసారి వస్తే ఏ సెన్సర్‌నూ మార్చకండి. అంతమందీ ఒకేరోజు చెడరు. బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్త్ వైరు చూడాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర దాదాపు 13.5 నుంచి 14.7 వోల్టులు ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా దిగకూడదు. ఎర్త్‌ను ఓమ్ మీటరుతో కొలిస్తే తుప్పుపట్టినది కూడా బాగున్నట్టే చూపిస్తుంది. లైట్లు, ఏసీ వేసి కరెంటు పారుతుండగా, ఇంజిన్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ కొలవాలి. పాయింట్ రెండు వోల్టులు దాటితే ఆ వైరే సంగతి.

కన్వర్టర్ కోడ్, డీజిల్, గ్యాస్ బండ్లు

పీ0420 కోడ్ ఓనరును ఎక్కువ భయపెడుతుంది. కేటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి కొత్తది ఖరీదు. ఈ కోడ్ వచ్చిపోతోందంటే కన్వర్టర్ హద్దు దగ్గర ఊగుతోందని అర్థం చెప్పుకోవచ్చు. అలాగే సైలెన్సర్ జాయింటు దగ్గర లీకైనా, వెనక సెన్సర్ తప్పు చెప్పినా ఇదే వస్తుంది. కన్వర్టర్ తనంతట తాను చావడం తక్కువ. మిస్సింగ్ కొట్టే ఇంజిన్, ఆయిల్ తాగే ఇంజిన్ దాన్ని చంపుతాయి. ఆ కారణం సరిచేయకుండా కొత్తది పెడితే కొత్తదీ అలాగే పోతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఆ పరీక్ష నిలబడి ఉన్న బండి పొగ గొట్టం దగ్గర కొన్ని నిమిషాల కొలత మాత్రమే.

పాత డీజిళ్లలో నగర ట్రాఫిక్ వల్ల, పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకోవడం, టర్బో గొట్టం పగలడం, ఫిల్టర్‌లో నీరు చేరడం మొదట చూడాల్సినవి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు తర్వాత బిగించుకున్న బండ్లలో లైటు గ్యాస్ మీద వెలుగుతోందా పెట్రోలు మీదా అన్నది రాసుకుంటే సగం పని అయినట్టే.

షెడ్డులో ఏం జరుగుతోంది

ఎరేస్ చేసి చూద్దామనేది మొదటి పద్ధతి. కోడ్‌లో పేరున్న సెన్సర్ మార్చేయడం రెండోది. పూర్తిగా పరీక్షించి కారణం కనుక్కోవడం మూడోది. మొదటి రెండే ఎందుకు ఎక్కువగా జరుగుతాయో మెకానిక్ వైపు నుంచి కూడా చూడాలి. సెన్సర్ మారిస్తే బిల్లులో ఒక వస్తువు కనిపిస్తుంది, ఓనరు డబ్బిస్తాడు. రెండు గంటలు వైర్లు కదిపి, చిలుము గీకి, కనెక్టర్ బిగించిన పనికి అడిగితే "ఏమీ మార్చలేదు కదా" అంటాడు. గంటల లెక్కన తమ పనికి జీతం తీసుకునే ఉద్యోగులు నిండిన ప్రాంతంలో మెకానిక్ ఆలోచనకు విలువ కట్టకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పరీక్షకు ఇంత అని ముందే మాట్లాడుకుని, కారణం దొరకకపోయినా ఇచ్చే అలవాటు రావాలి. దొరకలేదని నిజం చెప్పిన మెకానిక్, ఊహతో మూడు సెన్సర్లు మార్చినవాడికంటే మేలు చేసినవాడు.

సమాచారం విషయంలోనూ చిన్న షెడ్డుకు అన్యాయం జరిగింది. విడిభాగాలు, మాన్యువళ్లు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. ఆ తర్వాత అప్పీళ్లు నడిచాయి. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ తెరిచిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహనాలు కూడా ఉన్నాయి. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, జెడ్ఎఫ్ టెక్నాలజీ సెంటర్ ఈ నగరంలోనే పనిచేస్తున్నాయి. కార్ల పరిజ్ఞానం ఊళ్లోనే ఉన్నా, కొండాపూర్ వెనక సందులోని షెడ్డుకు పాత మోడల్ వైరింగ్ డయాగ్రమ్ దొరకడం ఇప్పటికీ కష్టమే.

ఓనరు సొంతంగా కొనుక్కుని, కారు సాకెట్‌కు తగిలించి ఫోనులో కోడ్లు చదివే బ్లూటూత్ డాంగిల్ ఈ లోటును కొంత పూడుస్తుంది. ఇలాంటి డాంగిళ్లలో వాడే ఈఎల్‌ఎం327 చిప్పును తయారుచేసిన కెనడా కంపెనీ 2022లో మూతపడింది; చౌకగా అమ్ముడయ్యేవి చాలావరకు నకళ్లు. కొన్ని నకళ్లు పాత బండ్లలో ఉండే కే-లైన్ అనే సమాచార మార్పిడి పద్ధతిని సరిగా చదవలేవు. డాంగిల్ కనెక్ట్ కాకపోతే కారు కంప్యూటర్ పాడైందని కంగారుపడక, ఇంకో స్కానర్‌తో చూడాలి. డాంగిల్ పెట్టే ఆ 16 పిన్నుల సాకెట్‌లో పదహారో పిన్నుకు తాళం తీసినా కరెంటు ఉంటుంది. వారంలో నాలుగు రోజులు సెల్లార్‌లో నిలబడే బండికి డాంగిల్ వదిలేస్తే బ్యాటరీ దిగిపోయి, కొత్త కోడ్లు పుట్టుకొస్తాయి.

లైటు మినుకుమినుకుమంటే మాత్రం ఈ ఓపిక ఏదీ పనికిరాదు. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతోందని, దాన్ని కరిగించే స్థాయి మిస్‌ఫైర్ జరుగుతోందని దాని అర్థం. వేగం తగ్గించి, యాక్సిలరేటర్ మీద ఒత్తిడి తీసేసి, దగ్గర్లో ఆపేయాలి. స్థిరంగా వెలిగినప్పుడు, బండి మామూలుగా లాగుతూ, ఇంజిన్ వేడి సూచిక మామూలుగా ఉంటే ఇంటికో షెడ్డుకో చేరడానికి భయం లేదు.

ఈ పాత బండ్లలో చాలావాటికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడుతోంది. కొన్ని రెన్యువల్‌కు వెళ్తాయి, కొన్ని మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లల చేతికి మారతాయి. కొనేవాళ్లు డబ్బిచ్చే ముందు మూడు పనులు చేయించుకోవాలి. తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా, ఇంజిన్ లైటు వెలుగుతోందో లేదో చూడాలి. వెలగకపోతే బల్బు పోయింది, లేదా ఎవరో దాన్ని పీకేశారు. తర్వాత స్కానర్ పెట్టి, కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో చదవాలి. చాలా ఓబీడీ-2 బండ్లలో ఆ అంకె ఉంటుంది. లక్ష కిలోమీటర్లు దాటిన కారులో అది ఆరో ఏడో ఉంటే, చూపించడానికి తెచ్చే ముందు ఎరేస్ చేసి తెచ్చారు. చివరగా ఓఆర్ఆర్ మీద అరగంట నిలకడగా నడిపి, తిరిగొచ్చి పెండింగ్ కోడ్లు మళ్లీ చదవాలి. అమ్మేవారు స్కానర్ పెట్టనివ్వకపోతే ఆ కారు వదిలేసి ఇంకోటి చూసుకోవచ్చు.